కొత్త ఫోన్ కొన్న మేనల్లుడికి

ఒరే బాబూ, గుణుపురం హాస్టల్‌లో చేరగానే కొత్త ఫోన్ కొన్నావంట కదా, మీ అమ్మ చెప్పింది. ఇక్కడ పర్లాకిమిడిలో మన వీధోళ్ళ ఫోన్లన్నీ సెట్ చేసి ఇచ్చేది నేనే కాబట్టి నీకూ నాలుగు ముక్కలు రాస్తున్నా, బోరనుకోకుండా చదువు.

యాప్ ఎక్కించగానే కాంటాక్ట్స్ ఇవ్వు, మైక్ ఇవ్వు, లొకేషన్ ఇవ్వు అంటాది, నువ్వేమో బేగి తెరుచుకోవాలని అన్నిటికీ ఓకే కొట్టేసుంటావు. ఫొటోకి రంగులద్దే యాప్‌కి మన చుట్టాల నెంబర్లతో ఏటి పనిరా? సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరువు, కనపడకపోతే పైన సెర్చ్‌లో కొట్టు, ఒక్కో కంపెనీవాడు ఒక్కో మూల పెడతాడు. మ్యాప్స్ లాంటివాటికి లొకేషన్ వాడేటప్పుడు మాత్రమే ఇవ్వు, మిగతావాటికి తీసెయ్. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రైవసీ డాష్‌బోర్డ్ అని ఒకటుంది, గత 24 గంటల్లో కెమెరా, మైక్ ఏ యాప్ ముట్టుకుందో అందులో పడుద్ది. స్క్రీన్ పైమూల పచ్చ చుక్క కనిపించిందంటే ఆ క్షణంలో ఏదో యాప్ కెమెరానో మైకో వాడుతున్నట్టే.

చేతిలో డబ్బుల్లేవని లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోకు. కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫైళ్ళు చూడకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే రూల్ పెట్టింది, అయినా అడిగాడంటే వాడు దొంగే అనుకో.

ఇంకోటి, ఇది పెద్దది. ఇటు మనూర్లోనైనా అటు పాతపట్నంలోనైనా జెరాక్స్ షాపుకెళ్ళి ప్రింట్ కావాలంటే ఫోన్లోంచి వాట్సాప్ వెబ్‌కి స్కాన్ చేయిస్తారు, కాయితం తీసుకుని మనం వచ్చేస్తాం, మన వాట్సాప్ మాత్రం ఆ కంప్యూటర్లో అలాగే ఉండిపోద్ది, వాడు తలుచుకుంటే మన చాట్లన్నీ చదవొచ్చు! వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియనిదేదున్నా లాగవుట్ చెయ్, ఇప్పుడే చెయ్. పనిలోపనిగా టూ స్టెప్ వెరిఫికేషన్‌లో 6 అంకెల పిన్ పెట్టు, పుట్టినరోజు తేదీ పెట్టకు. ఆధార్ ఇవ్వాల్సొస్తే ఆఖరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఉంటుంది, అది చాలిన చోట అదే ఇవ్వు.

హాస్టల్ కాబట్టి లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనపడకుండా పెట్టుకో, ఓటీపీ పక్క మంచమోడు కూడా చదివేస్తాడు.

దసరా సెలవులకి వచ్చినప్పుడు మీ అమ్మ ఫోన్ కూడా చూడు. షాపువాడు ఒడియా పెట్టిచ్చాడు, తనకి మాటాడ్డం వచ్చుగానీ చదవడం రాదు కదా, అందుకే ఏదడిగినా ఎస్ నొక్కేస్తాది. తెలుగులోకి మార్చు. వాట్సాప్‌కీ క్రోమ్‌కీ బయట యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ ఆపెయ్, పెళ్ళి కార్డని మోసగాళ్ళు పంపే ఏపీకే ఫైళ్ళు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఎక్కే యాప్‌లు, ఆ దారినే ఎక్కుతాయి. డబ్బు పోతే చెయ్యాల్సిన సైబర్ క్రైమ్ నెంబర్ 1930, అది కూడా తన ఫోన్లో తెలుగు పేరుతో సేవ్ చేసి పెట్టు.

మీ మావయ్య