చేప తగ్గేది వేటవల్లనా, వేడివల్లనా?

ప్రశ్న: మాది పెదజాలారిపేట. చేపలు తగ్గడానికి మరబోట్లే కారణమని మా ఇంట్లో పెద్దలు అంటారు; సముద్రం వేడెక్కడమే అసలు కారణమని కాలేజీలో చదివే మా తమ్ముడు వాదిస్తాడు. శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో ఈ రెండింటినీ విడదీసి చూపగలరని విన్నాను. అదెలా సాధ్యం? ఆ లెక్కలను మన తీరానికి నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: విడదీయడం కొంతవరకు సాధ్యమే. నిజమైన సముద్రంలో వేటను ముప్ఫై ఏళ్లు ఆపి చూడడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ఆ ప్రయోగాన్ని కంప్యూటర్‌లో చేస్తారు. వేట, వేడి రెండూ ఉన్నట్లు, వేట మాత్రమే ఉన్నట్లు, వేడి మాత్రమే ఉన్నట్లు, రెండూ లేనట్లు ఒకే సముద్రాన్ని నాలుగు విధాల నడిపి, ఫలితాల మధ్య తేడాలను కొలుస్తారు.

ఈ నమూనాల్లో బాగా వాడుకలో ఉన్న ఎకోపాత్‌కు జెఫ్రీ పొలోవినా అనే శాస్త్రవేత్త 1980లలో హవాయి దీవుల్లోని ఒక పగడపు దిబ్బ కోసం పునాది వేశారు. విలీ క్రిస్టెన్సెన్, డేనియల్ పౌలీ దానిని విస్తరించగా, కార్ల్ వాల్టర్స్ చేరికతో కాలక్రమంలో వచ్చే మార్పులను చూపే ఎకోసిమ్ తయారైంది. దాని పద్ధతి ఇంటి జమాఖర్చుల పుస్తకం వంటిదే. నెత్తళ్లనే తీసుకుంటే, అవి ఏడాదిలో పెరిగిన బరువు జమ. వంజరం వంటి పెద్ద చేపలు తిన్నది, వలలో పడ్డది, ఇతర కారణాలతో చచ్చినది, వలస పోయినది ఖర్చు. ప్రతి జాతికీ, లేదా జాతుల గుంపుకీ ఇలాంటి పద్దు రాసి, అన్నిటినీ ఒకదానితో ఒకటి సరిపోల్చాలి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరేది సుమారు పదో వంతే కనుక, వెయ్యి కిలోల వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కల వంటి జీవులు) వంద కిలోల జంతు ప్లవకాలుగా (వాటిని తినే చిన్న జంతువులుగా), పది కిలోల నెత్తళ్లుగా, చివరికి ఒక కిలో వంజరంగా మిగులుతాయి.

వాతావరణం ఈ పద్దులోకి రెండు దారుల్లో వస్తుంది. పైనీరు వేడెక్కితే అడుగునుంచి పోషకాలు పైకి రావడం తగ్గి ప్లవకాలు తగ్గుతాయి. వెచ్చని నీటిలో చేపకు బతకడానికే ఎక్కువ తిండి కావాలి, నీటిలో ప్రాణవాయువేమో తక్కువ. 2019లో ఆరు ప్రపంచస్థాయి నమూనాలను కలిపి చూసినప్పుడు, వేట లేదనుకున్నా, ప్రతి ఒక్క డిగ్రీ వేడికీ సముద్ర జంతువుల మొత్తం బరువు సుమారు 5 శాతం తగ్గుతుందని తేలింది.

అలాగని తమ్ముడే గెలిచాడనుకోకండి. వేట, వేడి విడివిడిగా చేసే నష్టాలను కూడితే మొత్తం వస్తుందనుకోవడమే ఈ వాదనలో అసలు చిక్కు. వేట ముందుగా పెద్ద చేపలను తీసేస్తుంది; ఎక్కువ గుడ్లు పెట్టేవి అవే. చిన్న వయసు చేపలే మిగిలిన మంద ఒక చెడ్డ సంవత్సరాన్ని తట్టుకోలేదు. అందువల్ల అంతే వేడి, వేట తక్కువైన చోట కొంత నష్టం, ఎక్కువైన చోట పెద్ద దెబ్బ అవుతుంది. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది అనడం కన్నా, ఒకరి కారణం రెండోవారి కారణాన్ని బలపరుస్తున్నది అనడం సరైనదని నా అభిప్రాయం.

ఇక మన తీరం సంగతి. ప్రపంచస్థాయి నమూనాలు సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తాయి; ఒక్కో గడి వెడల్పు చాలావరకు అక్షాంశ, రేఖాంశాల్లో ఒక డిగ్రీ, అంటే సుమారు 110 కిలోమీటర్లు. విశాఖ ఎదుట బోట్లు ఎక్కువగా వేటాడే లోతు తక్కువ పట్టీ అంతకంటే ఇరుకు. వేసవి తొలి నెలల్లో గాలుల వల్ల మన తీరాన చల్లని అడుగునీరు పైకి రావడం, వానాకాలం తర్వాత నదుల మంచినీరు బంగాళాఖాతంపై పొరలా పరుచుకొని ఆ రాకను అడ్డుకోవడం అంత పెద్ద గడిలో సరిగా కనిపించవు. ఒకప్పుడు పడమటి తీరానికే పేరుపడిన నూనె కవళ్లు కొన్ని దశాబ్దాలుగా తూర్పు తీరంలోనూ పడుతున్నాయంటే, అంత పెద్ద గడి చెప్పని మార్పులు ఇక్కడ జరుగుతున్నాయన్న మాట. అందుకే ఇక్కడికి ప్రత్యేకంగా కట్టిన నమూనానే నమ్మదగినది, అదీ దానికిచ్చిన లెక్క మేరకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధాన్ని పొడిగిస్తే ఏమవుతుందో, వల కన్ను పెంచితే ఏమవుతుందో పోల్చడానికి అది పనికివస్తుంది; వచ్చే ఏడు ఫలానా రేవులో ఎన్ని టన్నులు దిగుతాయో చెప్పడానికి పనికిరాదు.

మీ ఇంటివారు చేయగలిగినది ఒకటుంది. హార్బర్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు దిగిన చేపను నమోదు చేసుకుంటారు. వల ఎన్ని గంటలు లాగారు, ఎంత లోతులో వేశారు, ధర పలకని చిన్న చేపను ఎంత పారబోశారు అని అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పమనండి. పాతిక బుట్టల చేప ఆరు గంటల్లో పడిందా, రెండు రోజుల్లో పడిందా అన్నది తెలియకపోతే, బోట్లు దూరం పోయి ఎక్కువసేపు వేటాడి తెచ్చిన చేపను చూసి, సముద్రంలో నిల్వ తగ్గలేదని నమూనా పొరబడుతుంది.