ఇంగ్లండ్‌లో అమ్మానాన్నలకు ఫ్రీ బస్ పాస్: అమ్మగారికి 62 అని ఆగిపోకండి

మీ ప్రశ్న ఇది: నాన్నగారికి 68, అమ్మగారికి 62, ఇద్దరూ ఇంగ్లండ్‌లో మీ దగ్గరే స్థిరపడ్డారు, షుగర్ వల్ల అమ్మగారి చూపు బాగా తగ్గింది, ఇద్దరికీ ఫ్రీ బస్ పాస్ వస్తుందా అని. నాన్నగారికి వస్తుంది, ఈ రోజే అప్లై చేయొచ్చు. అమ్మగారికి వయసు లెక్కన రాదు గానీ, చూపు లెక్కన వచ్చే అవకాశం గట్టిగా ఉంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడి, ఇంకా వయసు రాలేదులే అని ఏళ్ల తరబడి ఊరుకుంటారు.

మా ఇంట్లో రెండు రకాల పాసులూ ఉన్నాయి. మా అమ్మది వయసు మీద వచ్చింది, మా అబ్బాయిది దివ్యాంగుల పాస్. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాన్న పోయాక 2010లో అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు 67. వచ్చిన మర్నాడే పాస్‌కి అప్లై చేయాల్సింది, నేను చేయలేదు. ఈ దేశంలో అమ్మ ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయలేదు, పన్ను కట్టలేదు, ఇక్కడి పెన్షన్ లేదు. ఫ్రీ పాస్ ఇక్కడి పెన్షనర్లకే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఏడాది పైన అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. బయటికి వెళ్లమంటే రానూపోనూ టికెట్‌ని రూపాయల్లోకి మార్చుకుని, "అంత డబ్బు పోసి ఎక్కడికే, రెండు ఉల్లిపాయలు తేవడానికా?" అనేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేది. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

చివరికి విషయం చెప్పింది బస్టాప్‌లో కలిసిన ఒక గుజరాతీ బామ్మగారు. పర్సులోంచి కార్డు తీసి అమ్మకి చూపించారట. వచ్చీరాని హిందీలో అమ్మకి అర్థమైంది ఒక్కటే: ఆ కార్డుంటే డబ్బులు అడగరు.

నిబంధన నిజానికి చాలా సింపుల్. వయసుండాలి, మీ ప్రధాన నివాసం ఇంగ్లండ్‌లో ఉండాలి. పెన్షన్ వస్తోందా, ఆదాయం ఎంత, ఇక్కడ ఎన్నేళ్లు పనిచేశారు అనేవి అడగరు. స్టేట్ పెన్షన్ వయసు, అంటే ఇక్కడి ప్రభుత్వ పెన్షన్ మొదలయ్యే వయసు రావాలి అంతే, పెన్షన్ అందక్కర్లేదు. ఆ వయసు నాన్నగారి తరం వాళ్లకి 66. 1960 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి నెలల చొప్పున పెరుగుతూ 67కి వెళ్తుంది. అంటే అమ్మగారు వయసు కోసం ఆగితే ఇంకా ఐదేళ్లు. మన ఆంధ్రాలో ఆర్టీసీ 60 నిండితే 25 శాతం రాయితీ ఇస్తుంది కాబట్టి 60 అనే అంకె మన తలల్లో ఉండిపోయింది. వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో 60కే ఫ్రీ, లండన్ వాళ్లకి 60 నుంచి వేరే కార్డు ఉంది. ఇంగ్లండ్‌లో మిగతా చోట్ల మాత్రం సాధారణంగా పెన్షన్ వయసే లెక్క.

విజిటర్ వీసా మీద ఆర్నెల్లకి వచ్చిన అమ్మానాన్నలకి ఇది రాదు. వాళ్ల ప్రధాన నివాసం ఇండియానే కదా.

ఇక దివ్యాంగుల పాస్. దీనికి పెన్షన్ వయసుతో సంబంధమే లేదు. మా అబ్బాయికి చిన్నప్పుడే వచ్చింది. చట్టంలో ఏడు రకాలున్నాయి: చూపు లేనివాళ్లు లేదా బాగా తక్కువున్నవాళ్లు, తీవ్రమైన వినికిడి లోపం ఉన్నవాళ్లు, మాట రానివాళ్లు, నడక దీర్ఘకాలంగా బాగా దెబ్బతిన్నవాళ్లు, రెండు చేతులూ లేనివాళ్లు లేదా వాడలేనివాళ్లు, లెర్నింగ్ డిజెబిలిటీ (మేధోపరమైన వైకల్యం) ఉన్నవాళ్లు, ఆరోగ్య కారణాల వల్ల డ్రైవింగ్ లైసెన్స్ నిరాకరించబడేవాళ్లు. ఈ ఆఖరిది చాలామందికి తెలియదు. ఫిట్స్ వచ్చి డ్రైవింగ్ ఆపేయాల్సి వచ్చినవాళ్లు దీని కింద అడగొచ్చు. నడక విషయంలో మీకు పిప్ అనే, దివ్యాంగులకి ప్రభుత్వం ఇచ్చే భత్యం వస్తూ, అందులో కదలికకి సంబంధించిన "మూవింగ్ అరౌండ్" ప్రశ్నకి 8 పాయింట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ లెటర్ ఒక్కటే సరిపోతుంది.

మీ అమ్మగారి విషయంలో అసలు కీలకం కంటి సర్టిఫికెట్. "షుగర్ ఉంది, సరిగా కనబడదు" అని రాస్తే పని జరగదు. ఆసుపత్రిలో కంటి కన్సల్టెంట్ పరీక్షించి, చూపు నిర్ణీత స్థాయి కంటే తక్కువుంటే సర్టిఫికెట్ ఆఫ్ విజన్ ఇంపెయిర్‌మెంట్ మీద సంతకం పెడతారు. దాని కాపీ మీ ఊరి కౌన్సిల్‌కి (మన మునిసిపాలిటీ లాంటిది) వెళ్తుంది, వాళ్లు అమ్మగారిని రిజిస్టర్ చేస్తారు. అందులో రెండు స్థాయిలుంటాయి, పూర్తిగా చూపు లేనట్టు లెక్కించేది ఒకటి, పాక్షికంగా తగ్గినట్టు లెక్కించేది ఒకటి. పాస్‌కి రెండోదైనా చాలు. కళ్లజోళ్ల షాపులో ఆప్టీషియన్ ఇచ్చే కాగితం ఈ సర్టిఫికెట్‌కి బదులు కాదు, ఆసుపత్రికి పంపమని మాత్రం ఆయన్ని అడగొచ్చు.

అప్లికేషన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే. వయసు రుజువుకి పాస్‌పోర్ట్, అడ్రస్ రుజువుకి కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు లాంటిది, ఒక ఫొటో. మన ఇళ్లల్లో బిల్లులన్నీ పిల్లల పేర్ల మీదే ఉంటాయి కాబట్టి అమ్మానాన్నల దగ్గర అడ్రస్ కాగితం ఉండదు. నేను అమ్మ పేరున వచ్చిన ఆసుపత్రి అపాయింట్‌మెంట్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టాను. వాళ్ల పేరున అసలు కాగితమే లేకపోతే ముందు డాక్టర్ దగ్గర రిజిస్టర్ చేయించండి, లెటర్లు అవే వస్తాయి.

కార్డు మీద ఎర్ర గులాబి గుర్తుంటుంది. వయసు పాస్‌కి నీలం చార, దివ్యాంగుల పాస్‌కి నారింజ చార. అమ్మ దాన్ని "నా గులాబి కార్డు" అనేది. చిన్న పర్సులో వెంకటేశ్వరస్వామి ఫొటో పక్కన పెట్టుకునేది. మొదటిరోజు మెషీన్ మీద పెట్టగానే బీప్‌మంది, డ్రైవర్ తలూపాడు. అమ్మ కూర్చున్నాక నా చెవిలో, "పాపం ఆయన జీతంలో కోసుకుంటారా?" అని అడిగింది. జాలిపడి ఎక్కించుకున్నాడనుకుంది. ఎక్కిన ప్రతి ప్రయాణానికీ కౌన్సిలే బస్సు కంపెనీకి డబ్బు కడుతుందని, కంపెనీకి లాభమూ నష్టమూ లేకుండా లెక్క చూస్తారని, ఇది చట్టం ఇచ్చిన హక్కని చెప్పాక గానీ మనసు కుదుటపడలేదు. మీ అమ్మానాన్నలకి కూడా ఈ మాట ముందే చెప్పండి. మన పెద్దవాళ్లు ఊరికే వచ్చేదాన్ని మొహమాటంతో వాడరు.

2008 ఏప్రిల్ 1 నుంచి ఈ పాస్ ఇంగ్లండ్ మొత్తం లోకల్ బస్సుల్లో చెల్లుతుంది, మీ ఊరికే పరిమితం కాదు. మేము బర్మింగ్‌హామ్‌కి దూరంగానే ఉంటాం. అయినా అమ్మ, నేను ఒక శనివారం మూడు బస్సులు మారి టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లాం. నా టికెట్లకే డబ్బులయ్యాయి. వేల్స్, స్కాట్లాండ్‌లలో మాత్రం పనిచేయదు, దూరప్రాంతాల కోచ్‌లలోనూ అంతే. రైళ్లలో కొన్ని ప్రాంతాల వాళ్లకి మాత్రం రాయితీలున్నాయి.

టైమ్ జాగ్రత్త. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9:30 నుంచి రాత్రి 11 దాకానే ఫ్రీ. శని, ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు రోజంతా. 9:27కి ఎక్కితే డ్రైవర్ టికెట్ అడగొచ్చు. తొందరపడి వచ్చి "టూ ఎర్లీ?" అని అడిగే పెద్దవాళ్లని ఇక్కడ కొందరు "ట్వర్లీ" అంటారు. అమ్మ పూజ ముగించుకుని 9:35 బస్సుకి వెళ్లడం అలవాటు చేసుకుంది. కొన్ని కౌన్సిళ్లు ఇంకా ముందే మొదలుపెడతాయి, కొన్ని దివ్యాంగుల పాస్‌కి రోజంతా ఇస్తాయి. తోడు వచ్చేవాళ్లకి ఫ్రీ ఇవ్వడం కూడా కౌన్సిల్ ఇష్టమే, చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. అమ్మగారి కోసం ఈ రెండూ తప్పకుండా అడగండి.

మా అబ్బాయికి లెర్నింగ్ డిజెబిలిటీ. వాడికి తోడు పాస్ మాకు దొరకలేదు. కానీ వాళ్ల అమ్మమ్మకి సొంత పాస్ ఉందిగా! సెలవుల్లో ఇద్దరూ కలిసి తిరిగేవాళ్లు. అమ్మకి ఇంగ్లిష్ రాదు, వాడికి దారి తెలియదు. వాడు బస్సు నంబరు చదివేవాడు, అమ్మ స్టాపులు లెక్కపెట్టేది. అలా వాడికి లెక్కపెట్టడం వచ్చింది. తర్వాత కాలేజీ వాళ్లు ట్రావెల్ ట్రైనింగ్ ఇచ్చారు, ఇప్పుడు ఒక్కడే వెళ్తాడు. మా కౌన్సిల్ దివ్యాంగుల పాస్‌ని పొద్దున కూడా అనుమతిస్తుంది, లేకపోతే కాలేజీకి కుదిరేదే కాదు. మొదట్లో నేను వేరే సీట్లో దూరంగా కూర్చుని చూసేదాన్ని. కార్డుని రెండు వేళ్లతో పట్టుకుని మెషీన్ మీద పెట్టి, బీప్ వినిపించేదాకా కదిలేవాడు కాదు. దిగేటప్పుడు డ్రైవర్‌కి థ్యాంక్యూ చెప్పేవాడు. వాడు ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా ఇంట్లోంచి చూస్తూ నిలబడటం నాకింకా పోలేదు.

మీరు ఈ వారంలో చేయాల్సినవి రెండు. నాన్నగారిది ఆన్‌లైన్‌లో అప్లై చేసేయండి. అమ్మగారి కంటి క్లినిక్‌కి తర్వాతి అపాయింట్‌మెంట్ ఎప్పుడో చూసి మీరూ వెంట వెళ్లండి. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగకుండా, "మా అమ్మ చూపు సర్టిఫికెట్‌కి సరిపోతుందా, చూస్తారా?" అని మీరే అడగండి.