అభిమాన గాయకుడు: అభిమానం ఎవరిది?

సందేహం: మాది తిరుపతి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పాటలంటే నాకు ప్రాణం. ఆయన గొంతు గురించీ, ఇప్పుడొస్తున్న పాటల గురించీ నాకు తోచింది నాలుగు పేజీలు రాసి మా తాతకు చూపించాను. 'నా వ్యక్తిగత అభిప్రాయం ప్రకారం నా అభిమాన గాయకుణ్ని మించినవాళ్ళు లేరు' అన్నది మొదటి వాక్యం. తాత అక్కడే ఆగిపోయాడు. 'అభిమాన గాయకుడంటే అభిమానం ఉన్న గాయకుడు కదరా, ఇక్కడ అభిమానం నీది, ఆయనది ఎట్లవుతుంది?' అన్నాడు. నేను రాసింది తప్పేనా?

సమాధానం: మీ తాతగారికి నా నమస్కారం చెప్పండి. ఈ మాట దగ్గర ఆగే మనుషులు తగ్గిపోతున్నారు. ఆయన ఎరిగిన అభిమానం వేరు. 'అభిమానం చంపుకొని అప్పు అడిగినాడు', 'అభిమానం గల మనిషి, పిలవందే రాడు' అని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు. అక్కడ అది పౌరుషం, ఆత్మగౌరవం. సంస్కృతంలో ఇంకాస్త కటువు. గీత పదహారో అధ్యాయంలో ఆసురీ సంపద, అంటే అసుర గుణాలు చెప్పేచోట దంభం, దర్పం పక్కనే అభిమానాన్ని కూర్చోబెట్టారు (కొన్ని ప్రతుల్లో అక్కడ అతిమానం అని ఉంటుంది). మరి గర్వం అనే అర్థమున్న మాట ప్రేమకు ఎట్లా వచ్చింది?

అభిమానంలో ఉన్న ధాతువు 'మన్', అంటే తలచడం. బాగా తలిస్తే సన్మానం, తక్కువగా తలిస్తే అవమానం, గొప్పగా తలిస్తే బహుమానం. ఈ బహుమానాన్ని మనం చేతికిచ్చే వస్తువుగా మార్చుకున్నాం, అది వేరే కథ. అనుమానం మాత్రం ఈ ఇంటిది కాదు, అది కొలవడం అనే అర్థమున్న 'మా' ధాతువు నుంచి వచ్చింది. ఇక అభిమానం అంటే ఒకదాని వైపు తిరిగి 'ఇది నేను, ఇది నాది' అని తలచడం. దేహాభిమానం అంటే అదే. బ్రహ్మసూత్రాల్లో 'అభిమానివ్యపదేశస్తు' అని ఒక సూత్రం ఉంది. మట్టి పలికింది, నీళ్ళు పలికాయి అని వేదం అంటే, పలికినవి మట్టీ నీళ్ళూ కాదు, వాటిని తమవిగా తలచే అభిమాని దేవతలు అని దాని తాత్పర్యం. మీరు పాటను విని 'మా బాలు పాట' అంటారే, ఆ 'మా'లోనే అభిమానం మొత్తం ఉంది. తనను తలచుకుంటే పౌరుషమైంది, ఇంకొకరిని తనవాడిగా తలచుకుంటే ప్రేమైంది.

ఈ రెండూ ఒకే మనిషిలో చూడాలంటే మీకు నలభై కిలోమీటర్లు కూడా లేదు, శ్రీకాళహస్తికి వెళ్ళండి. బాలు గారు స్కూల్ ఫైనల్ చదివిన ఊరే అది. కవి ధూర్జటిది ఆ ఊరే. 'రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు' అన్నాడు. అది మీ తాతగారు చెప్పే అభిమానం. అదే నోటితో ప్రతి పద్యం చివరా శ్రీకాళహస్తీశ్వరా అని పిలిచి, ఆయన్ని తిట్టి, అలిగి, మళ్ళీ ఆయన ముందే కూలబడ్డాడు. అది మీరు చెప్పే అభిమానం. ఆ క్షేత్ర మాహాత్మ్యాన్ని కావ్యం చేస్తూ పాము, ఏనుగుల కథ చెప్పాడు చూడండి, నాకు ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. పాము మణులు తెచ్చి లింగానికి అలంకరిస్తుంది. ఏనుగు వచ్చి, ఈ రాళ్ళేమిటని తోసేసి, నీళ్ళతో అభిషేకించి పూలూ ఆకులూ పెడుతుంది. మర్నాడు పాము, నా స్వామి మీద ఈ చెత్త ఎవరు వేశారని మండిపడుతుంది. చివరికి పాము తొండంలో దూరింది, ఏనుగు తల బాదుకుంది, రెండూ చచ్చిపోయాయి. ఒకే దేవుణ్ని 'నావాడు' అనుకున్న ఇద్దరు. ఇవాళ ఇద్దరు గాయకుల అభిమానులు ఫోన్లు పట్టుకుని రాత్రంతా తిట్టుకుంటుంటే నాకు ఆ పామూ ఏనుగే కళ్ళముందు కనిపిస్తాయి. శివుడు ఆ రెంటికీ మోక్షమిచ్చి తన ఊరి పేరులో కలుపుకున్నాడు. శ్రీ అంటే అక్కడే శివుణ్ని కొలిచిన సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు.

సరే, మీ సమాసం. అభిమానానికి పాత్రుడైన గాయకుడు అని మధ్యలో మాట లోపించిందనుకుంటే అభిమాన గాయకుడు నిలుస్తాడు. దశాబ్దాలుగా పత్రికలు రాస్తున్నాయి, అర్థం ఎవరికీ తప్పిపోవడం లేదు, కాబట్టి తప్పు అనను. నేనైతే 'నేను అభిమానించే గాయకుడు' అని రాస్తాను. మీ తాతగారి అర్థమూ చెడదు, నిజంగా పౌరుషమున్న గాయకుణ్ని అభిమానవంతుడు అనడానికి మాట మిగులుతుంది. వీరాభిమానిలో వీరుడు ఎవరో నాకు ఇంతవరకు తేలలేదు. ఫ్లెక్సీల మీద 'అభిమానిలు' అని వేయించేవాళ్ళు కవికి కవులు అన్నట్టే అభిమానులు అంటే చాలు.

నాకు కోపం వచ్చింది మాత్రం మీ మొదటి మాట మీద. 'వ్యక్తిగత అభిప్రాయం' ఏమిటండీ? అభిప్రాయం ఎవరిదైనా వ్యక్తిదే కదా. పైగా 'ప్రకారం' ఒకటి, కోర్టు కాగితంలాగా. ఎవరైనా గొడవకొస్తారేమోనని ముందే గొడుగు పట్టుకున్నట్టుంది. ఆ నాలుగు మాటలూ కొట్టేసి, ఏ పాటలో ఏ చరణం దగ్గర ఆయన ఊపిరి ఎట్లా దాచుకున్నారో, పల్లవికి మళ్ళీ వచ్చేటప్పుడు ఆ మాటనే ఎట్లా మార్చి పలికారో అది రాయండి. రాసి మీ తాతగారికి ఇంకోసారి చూపించండి.