0.500ను ఎలా చదవాలి?

సందేహం: మాది టెక్కలి. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, తెలుగు మీడియం. 29.2 గ్రాముల ఉప్పు ఎన్ని మోల్స్ (పదార్థం ఎంత ఉందో కొలిచే ప్రమాణం) అన్న లెక్కకు 0.500 అని రాసి, 'సున్నా పాయింట్ ఐదు వందలు' అని చదివింది. 'అర మోల్ అంటే సరిపోదా?' అన్నాను. మార్కు పోతుందట. ఏది సరైన వాడుక? కొలతలో నమ్మదగిన అంకెలను 'సార్థక సంఖ్యలు' అనాలా, 'సార్థక అంకెలు' అనాలా?

సమాధానం: రాయడంలో అమ్మాయిదే ఒప్పు. చదవడం మాత్రం మార్చుకోవాలి. 'సున్నా పాయింట్ ఐదు సున్నా సున్నా' అనాలి. పదులు, వందలు బిందువుకు ఎడమపక్క మాటలు. కుడిపక్క కూడా అలాగే చదివితే 0.12లోని 'పన్నెండు' 0.5లోని 'ఐదు' కంటే పెద్దదిగా వినిపిస్తుంది. 'ఐదు రూపాయల నలభై పైసలు' అంటాం కదా అంటారేమో, అక్కడ పైసలు వేరే ప్రమాణం. అవొగాడ్రో సంఖ్యను (ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య) మనవాళ్లు 'ఆరు పాయింట్ సున్నా రెండు మూడు' అని అంకె అంకెగానే అప్పజెబుతారు. (ఆ చివరి మూడు పాత అలవాటు. 2019 నుంచి అమల్లో ఉన్న విలువలో ఆ భాగం 6.02214076. నాలుగు అంకెలకు కుదిస్తే 6.022.)

ఇక 'అర'. చక్కని తెలుగు మాట. కానీ అది భాగం పేరే తప్ప, ఎంత నిక్కచ్చిగా తూచామో చెప్పదు. ఉప్పు మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ఉప్పు తూకం, 58.44 గ్రాములు. దానితో 29.2ను భాగిస్తే కాలిక్యులేటర్ 0.49966 చూపిస్తుంది. తూకంలో ఉన్నవి మూడు అంకెలే కనుక జవాబూ మూడింటికే, 0.500. ఉత్త 0.5 అని రాస్తే 0.45 నుంచి 0.55 దాకా ఏదైనా కావచ్చు, అంటే సుమారు 26 గ్రాముల నుంచి 32 గ్రాముల వరకు! మీ పక్కనున్న నౌపడా ఉప్పు మడుల దగ్గరైనా 26 కిలోలిచ్చి 32 అంటే ఎవరూ ఊరుకోరు.

0.500 మొత్తం ఒక సంఖ్య. అందులోవి అంకెలు. లెక్కపెట్టేది వాటినే కనుక 'సార్థక అంకెలు' అనడమే నాకు సమ్మతం. మొదటి సున్నా సార్థకం కాదు, బిందువు చోటు చూపడానికే ఉంది. చివరి రెండూ సార్థకాలే. ఆ స్థానాల దాకా మన కొలత నమ్మదగినదని అవి చెబుతున్నాయి.

'అర మోల్ ఉప్పు తీసుకున్నారనుకుందాం' అని ప్రశ్నలోనే ఉంటే అది తూచిన అర కాదు, ఖచ్చితంగా అనుకున్న అర. అక్కడ ఆ మాట నిరభ్యంతరంగా వాడుకోమనండి.