కుంట ఎప్పుడు ఎండిందో టెంపరేచర్ సెన్సార్‌తో తెలుస్తుందా?

దేవరకొండ వైపు ఊరి కుంట ఏ తేదీకి ఎండుతోందో డీఎస్18బీ20 అనే టెంపరేచర్ సెన్సార్లతో పట్టుకోవచ్చా అని అడిగారు. పట్టుకోవచ్చండి. చూడాల్సింది మాత్రం పగటికీ రాత్రికీ ఎంత తేడా వస్తోందన్నది. నీళ్లు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారతాయి. ఎండిన శిఖం నేల, అంటే కుంట లోపలి నేల, మధ్యాహ్నానికి కాలిపోయి, తెల్లారేసరికి చల్లబడుతుంది.

సెన్సార్లు రెండు కావాలి: ఒకటి కుంట అడుగున, రెండోది ఎప్పుడూ నీళ్లు తగలని గట్టు మీద, నేలకు అంతే ఎత్తులో, అదే రకం పైపులో. గట్టుది లేకపోతే వానాకాలంలో మోసపోతారు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పొడినేల మీద కూడా తేడా పడిపోయి నీళ్లున్నట్టే కనిపిస్తుంది. ఉదాహరణకు, ఏప్రిల్‌లో గట్టుది 24 నుంచి 46 డిగ్రీల దాకా పోయి, కుంటది 27-31 మధ్యే ఉంటే నీళ్లున్నట్టు. కుంటది కూడా 25-44 తిరిగిందా, ఎండినట్టే.

అర్ధగంటకో రీడింగ్ చాలు. డేటా వైరుకూ 3.3 వోల్టుల వైరుకూ మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. ఫైల్‌లో సరిగ్గా 85 డిగ్రీలు కనబడితే సెన్సార్ కొలవకముందే చదివేశారని అర్థం. 12 బిట్ కొలతకు, అంటే ఈ సెన్సార్ ఇచ్చే అతి సూక్ష్మమైన కొలతకు, 750 మిల్లీసెకన్లు ఆగాలి. మైనస్ 127 వస్తే వైరు ఊడిందేమో చూడండి. పెట్టేముందు ఫ్లాస్కులో నలగ్గొట్టిన ఐసు, నీళ్లు కలిపి రెండు ప్రోబ్‌లూ (సెన్సార్ ఉండే స్టీలు గొట్టాలు) ముంచండి. సున్నాకు ఏది ఎంత తప్పు చూపిస్తే అంత రాసిపెట్టుకోండి. స్టీలు ప్రోబ్‌లోకి వైరు వెళ్లే మూతి దగ్గరే నీళ్లు దిగుతాయి. అక్కడ ఎపాక్సీ పూసి, దాని పైన హీట్‌ష్రింక్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం), లోపల గమ్ ఉండేది, తొడగండి.

అసలు చిక్కు బురదతోనే. ప్రోబ్ పూడికలో కూరుకుపోతే, నీళ్లు పోయాక కూడా తేడా తక్కువే చూపిస్తుంది. అందుకే రంధ్రాలు చేసిన తెల్ల పీవీసీ పైపులో, అడుగుకు 3-5 సెంటీమీటర్లు పైన వేలాడేలా కట్టండి. లోతు ఎక్కువగా ఉండేది కట్ట వైపు, తూము దగ్గర. పూడిక తీసిన గుంతలో మాత్రం పెట్టకండి, కుంటంతా ఎండినా అందులో నీళ్లు నిలుస్తాయి. బర్రెలు దిగే దారి, వలలు లాగే చోటు కూడా వదిలేయండి.

చివర్లో జానెడు నీళ్లు మిగిలినప్పుడు తేడా రోజురోజుకూ పెరుగుతూ పోతుంది కాబట్టి తేదీ నాలుగైదు రోజులు అటూఇటూ అవుతుంది. ఫిబ్రవరి నుంచి వారానికోసారి తూము దగ్గర నిలబడి ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకోండి. ఎన్ని డిగ్రీల తేడా దాటితే ఎండినట్టు లెక్కో, మీ కుంటకు ఆ ఫోటోలను బట్టే తేల్చుకోవాలి.