మిద్దె మీద రేడియో పెట్టే ముందు ఎర్తింగ్ సంగతి చూడు

అల్లుడూ,

నీకు హామ్ రేడియో లైసెన్సు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (గాలిలో నీ పిలుపు గుర్తు) వచ్చిందని అక్క ఫోన్ చేసినప్పటి నుంచి నా కాలు నిలవడం లేదు. బడిలో ఉన్నప్పుడు గాదంకి రాడార్ చూసొచ్చి, 1024 యాగీ యాంటెన్నాలు ఒక్కచోట ఎలా నిలబెట్టారు మామా అని రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు నీ మిద్దె మీద నీ సొంత యాంటెన్నా. నువ్వు పంపిన ఫోటోలో రిగ్గు, అదే రేడియో సెట్టు, బాగుంది, టేబుల్ బాగుంది. కానీ ఆ పవర్ సప్లై త్రీ పిన్ ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చావు. అది చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ డబ్బా ఒంటికి టెస్టర్ పెట్టి చూడు, వెలుగుతుంది. లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ 230కి నడుమ, దాదాపు 115 వోల్టుల మీద తేలుతూ ఉంటుంది. ఇప్పటికి వేలు జివ్వుమంటుంది, అంతే. రేపు లోపల ఒక వైరు తోలు ఊడి బాడీకి తగిలితే పూర్తి 230 నీ చేతిలో ఉంటుంది. అడాప్టర్ ఇవాళే తీసేయ్.

త్రీ పిన్ సాకెట్ పెట్టించాం కదా అని ఊరుకోకు. చిత్తూరులో నేను అద్దెకున్న ఇంట్లో ఒకసారి మెయిన్ ఆపి సాకెట్ విప్పాను. ఎర్త్ పిన్నుకు పచ్చ వైరే రాలేదు. బెత్తెడు నల్ల వైరు ముక్క, న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు లంకె. మీటర్ పెడితే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య చక్కగా 230 చూపిస్తుంది, అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ఆ సాకెట్‌కు తగిలించిన ప్రతి ఇనుప డబ్బాలోకీ కరెంటు వచ్చేస్తుంది. మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, నువ్వు పక్కన నిలబడి విప్పించి కళ్లతో చూడు. కరెంటు పక్కదారిలో ఎర్త్‌లోకి కారితే లైను తెంచేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు కూడా వేయించు, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరును భూమిలోకి దింపే గుంత సంగతి. మీది అలిపిరి వైపు, నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు దిగకపోతే కోసి పొట్టిది చేసి పూడ్చొద్దు. చోటు మార్చు, లేదా రెండు గుంతలు దూరదూరంగా తవ్వి రాగి పట్టీతో కలుపు. బొగ్గు, ఉప్పు వేస్తారు, మంచిదే. కానీ ఉప్పు ఏళ్లు గడిచేకొద్దీ పైపును తినేస్తుంది, క్లాంప్ దగ్గర తుప్పు చూస్తూ ఉండాలి. ఎండాకాలంలో మొక్కకు పోసినట్టు గుంతలో నీళ్లు పోయాలి. ఎండిన మట్టి కరెంటును లాక్కోదు.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటికి వస్తున్నా. యాంటెన్నాకని వేరే రాడ్ దింపి, ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తారు. పక్కన పిడుగు పడి 20,000 ఆంపియర్లు ఆ రాడ్‌లోకి దిగితే, అది 5 ఓమ్‌ల ఎర్త్ అనుకో, అక్కడ లక్ష వోల్టులు లేస్తుంది. ఇంటి ఎర్త్ కిందే ఉంటుంది. ఆ తేడా అంతా నీ రిగ్గు గుండా దారి చూసుకుంటుంది. రెండింటినీ బయటే లావు రాగి పట్టీతో కట్టేయ్. లేస్తే అన్నీ కలిసి లేవాలి. యాంటెన్నా కేబుల్, అదే కోయాక్స్, లోపలికొచ్చే చోట, గోడ బయట పిడుగు ఉధృతిని ఎర్త్‌లోకి మళ్లించే అరెస్టర్ పెట్టి దాన్నీ అక్కడికే కలుపు. ఇన్ని చేసినా మే నెల సాయంత్రాల్లో, అక్టోబరు వానల్లో దూరంగా ఉరుము వినపడగానే కేబుల్ గోడ బయటే విప్పెయ్, ప్లగ్గు పీకెయ్. విప్పిన కొస టేబుల్ కింద వదలొద్దు.

నేను మొదటి అంతస్తులో ఉన్నప్పుడు 40 మీటర్ల బ్యాండ్‌లో మాట్లాడుతుంటే ఇనుప మైకు పెదవికి చురుక్కుమని అంటుకునేది. ఎర్త్ చాల్లేదనుకుని ఇంకో వైరు కిందికి లాగాను. ఇంకా ఎక్కువైంది. 40 మీటర్ల బ్యాండ్ అంటే 7 మెగాహెర్ట్జ్, దానికి పావు తరంగం పదిన్నర మీటర్లు. మిద్దె నుంచి మెలికలు తిరిగి దిగిన నా ఎర్త్ వైరు దాదాపు అంతే. కింద భూమి తగిలినా, పైన నా టేబుల్ దగ్గర ఆ సిగ్నల్‌కు దారి మూసుకుపోయినట్టే. 50 హెర్ట్జ్ కరెంటుకు అది ఎర్తే, ఆర్‌ఎఫ్‌కు, అంటే రేడియో సిగ్నల్‌కు, యాంటెన్నా. చివరికి దాన్ని కుదిర్చింది ఎర్త్ వైరు కాదు. డైపోల్ (రెండు సమాన వైర్ల యాంటెన్నా) నడుమ, కోయాక్స్ తగిలే ఫీడ్ పాయింట్ దగ్గర, ఫెర్రైట్ రింగు మీద కోయాక్స్‌ను పన్నెండు చుట్లు చుట్టి, కేబుల్ ఒంటి మీదుగా ఆర్‌ఎఫ్ వెనక్కి రాకుండా చోక్ వేశాను, చురుకు పోయింది. నువ్వూ డైపోల్‌తోనే మొదలుపెట్టు, చోక్ ముందే వేసుకో.

టేబుల్ వెనక అడుగు పొడవు రాగి పట్టీ బిగించు. రిగ్గు వెనక రెక్కల నట్టు, పవర్ సప్లై, యాంటెన్నా ట్యూనర్, దేనికదే విడిగా, పొట్టి పట్టీతో దానికి రావాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి దండ గుచ్చినట్టు గుచ్చొద్దు. నువ్వు కట్టుకునే సర్క్యూట్లకూ ఇదే. పవర్ ఆంప్ కరెంటు వెళ్లే గ్రౌండ్ దారిలో మైకు ఆంప్ గ్రౌండ్ కూర్చుంటే హమ్, అంటే గుయ్‌మనే రొద, వస్తుంది. రాగి పూసిన బోర్డునే నేలగా వాడుకుని, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లను ఐసీకి కరెంటు వచ్చే కాలి పక్కనే, కాళ్లు పొట్టిగా కోసి అతికించు. కంప్యూటర్ తగిలించాక బుయ్‌మంటే మధ్యలో ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ విరవొద్దు.

ఆదివారం పొద్దున ఎర్త్ టెస్టర్ తీసుకుని చిత్తూరు నుంచి బస్సెక్కుతాను. గుంతలో రెండు బిందెలు నీళ్లు పోసి ఉంచు. అప్పటిదాకా మైకు ముట్టుకోకు, బ్యాటరీ మీద నడుపుతూ సాయంత్రం 40 మీటర్లు విను. ఎవరెవరు వినపడ్డారో కాగితం మీద రాసి పెట్టు, చూస్తాను.

మీ మామ