యాక్సెస్ ఫామ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ రంగులు తప్పుగా పడుతుంటే ఎక్కడ వెతకాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. విజయనగరంలో ఎరువుల దుకాణం. అప్పు బిల్లులన్నీ మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్ 2016లో, ఒకదాని కింద ఒకటి కనిపించే కంటిన్యువస్ ఫామ్‌లో ఉన్నాయి. షరతును బట్టి గడికి రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టారు: గడువు దాటితే ఎరుపు, వారంలోపు ఉంటే పసుపు, డబ్బు కట్టేస్తే ఏ రంగూ ఉండకూడదు. కానీ ఎప్పుడో గడువు దాటినవి పసుపు దగ్గరే ఆగిపోయాయి, కొన్నిటికి అసలు రంగే లేదు, కట్టేసిన బిల్లులు ఎర్రగా ఉన్నాయి. ఫైలు పాడైందా, యాక్సెస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు.

ఇన్‌స్టాల్ జోలికి వెళ్లకండి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీల లెక్కల ఫైళ్లు చూడటం నా పని. పిక్కల (జీడిగింజల) కొనుగోళ్లు, టిన్నుల స్టాకు, వ్యాపారుల బాకీలు, అన్నీ ఇలాంటి ఫామ్‌లలోనే ఉంటాయి. రంగు తప్పిందని ఫోన్ వచ్చినప్పుడు నేను రంగుల డబ్బా తెరవను. మన కంటికి కనిపించేదీ, టేబుల్‌లో నిజంగా ఉన్నదీ ఒకటేనా అని ముందు చూస్తాను. తేడా ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఫామ్‌ను డిజైన్ వ్యూలో తెరిచి, డీటెయిల్ భాగంలో ఖాళీగా ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టండి. దాని కంట్రోల్ సోర్స్‌లో, ముందు సమానం గుర్తు వేసి, మీ రూల్‌లో ఉన్న షరతునే రాయండి: =[గడువు]<డేట్() అన్నట్టు. (ఫంక్షన్ పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టండి.) ఇప్పుడు ఫామ్ చూస్తే ప్రతి వరసలోనూ ఆ షరతు ఫలితం కనిపిస్తుంది. -1 ఉంటే షరతు నిజం, 0 ఉంటే అబద్ధం. ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే ఆ గడువు నల్, అంటే విలువే లేదు. నేమ్ ఎర్రర్ (#Name?) వస్తే ఫీల్డు పేరు తప్పు, లేదా ఆ ఫీల్డు ఫామ్ రికార్డ్ సోర్స్‌లో, అంటే ఫామ్‌కి డేటా అందించే టేబుల్‌లోనో క్వెరీలోనో లేదు. ఎదురుగా -1 ఉండి కూడా రంగు పడకపోతే అప్పుడు రూల్స్ వైపు చూడాలి. లేదంటే తప్పు డేటాలోనో షరతులోనో ఉన్నట్టే.

మీ దగ్గర గడువు దాటినవి పసుపు దగ్గరే ఆగిపోవడానికి కారణం రూల్స్ వరస అని నా అనుమానం. పసుపుకి మీరు రాసింది “గడువు నేటి నుంచి ఏడు రోజులకి తక్కువ లేదా సమానం” అనే కదా. పోయిన సంక్రాంతికి గడువు దాటిన బిల్లుకి కూడా అది నిజమే. యాక్సెస్ రూల్స్‌ను పై నుంచి కిందికి చదువుతుంది, మొదట ఏది నిజమైతే దాని రంగు వేసి అక్కడే ఆగిపోతుంది. పసుపు రూల్ పైన ఉంటే ఎరుపు దాకా వెళ్లనే వెళ్లదు. రూల్స్ మేనేజర్‌లో బాణం గుర్తులు ఉంటాయి, వాటితో ఎరుపుని పైకి జరపండి.

కట్టేసిన బిల్లుల సంగతి కూడా వరసతోనే తేలుతుంది. అన్నిటికంటే పైన “స్థితి చెల్లించారు అయితే” అని ఒక రూల్ పెట్టి, దానికి తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు ఇవ్వండి. అది నిజమైతే కింది రూల్స్ జోలికే వెళ్లదు. ప్రతి రూల్‌లోనూ “మరియు చెల్లించలేదు” అని తగిలించే బాధ తప్పుతుంది.

అయితే ఆ రూల్ పెట్టినా పని చేయకపోవచ్చు, ఎందుకంటే మీ స్థితి గడి కాంబో బాక్స్ (జాబితా నుంచి ఎంచుకునే గడి) అని రాశారు. కాంబోలో కనిపించేది “చెల్లించారు” అనే మాట, టేబుల్‌లో దాచేది చాలాసార్లు 1, 2 లాంటి ఐడీ నంబరు. రూల్ చూసేది నంబరునే. మాటతో పోల్చితే ఎన్నేళ్లయినా కలవదు. ఇందాక పరీక్ష కోసం పెట్టిన టెస్ట్ బాక్స్‌లో =[స్థితి] అని మాత్రమే పెట్టి చూడండి. 2 కనిపిస్తే, రూల్‌లో కూడా 2 అనే రాయండి, కోట్స్ లేకుండా. టిక్ పెట్టే యస్/నో ఫీల్డు అయితే నిజానికి యాక్సెస్ దాచే విలువ -1. దాన్ని 1తో పోల్చి జుట్టు పీక్కునేవాళ్లని చూశాను. ట్రూ అని రాస్తే గొడవ లేదు.

ఇక రంగే లేని బిల్లులు. ఇందులో మీ వ్యాపారం తీరు కూడా ఉంది. పంట చేతికొచ్చాక ఇస్తానన్న రైతుకి గడువు తేదీ ఏం రాస్తారు? ఖాళీగా వదిలేస్తారు. మా దగ్గరా అంతే, పిక్కల సీజన్‌లో చూసుకుందాం అన్న బాకీలకు తేదీ ఉండదు. ఖాళీ తేదీ నేటి కంటే తక్కువా అని అడిగితే యాక్సెస్ అవునని అనదు, కాదనీ అనదు, నల్ అంటుంది. అవునని తేలలేదు కాబట్టి రంగు వేయదు. ఎన్‌జెడ్ ఫంక్షన్‌తో ఖాళీకి ఏదో పాత తేదీ ఇచ్చి ఎరుపు చేయమని కొందరు చెబుతారు. నాకది నచ్చదు. గడువే పెట్టని రైతుని ఎగవేతదారుడిలా చూపించడం న్యాయం కాదు, కౌంటర్ దగ్గర మాటామాటా వస్తుంది కూడా. ఈజ్‌నల్ ఫంక్షన్‌తో వేరే రూల్ పెట్టి లేత బూడిద రంగు ఇవ్వండి. ఒక్కటి చూసుకోండి: ఫామ్ చివర కొత్త బిల్లు కోసం ఉండే ఖాళీ వరసలో కూడా గడువు నల్లే, అదీ బూడిద రంగులోకి పోతుంది. షరతుకి “బిల్లు నంబరు నల్ కాకపోతే” అని జతచేస్తే సరిపోతుంది.

అంటే చివరికి పై నుంచి వరస ఇలా ఉండాలి: చెల్లించినవి తెలుపు, గడువు లేనివి బూడిద, దాటినవి ఎరుపు, వారంలోపువి పసుపు. నాలుగు రూల్స్. 2007లోనూ అంతకుముందూ ఒక కంట్రోల్‌కి (గడికి) మూడు షరతులే కుదిరేవి. 2010 నుంచి 50 దాకా పెట్టుకోవచ్చు, మీ 2016కి ఇబ్బంది లేదు.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని తేదీలు మొండికేస్తే, పాత బాకీల జాబితా ఎక్సెల్ నుంచి తెచ్చారేమో గుర్తు చేసుకోండి. 15.04.2024 అని చుక్కలతో కొట్టిన తేదీలు తరచుగా టెక్స్ట్‌గానే దిగుతాయి. చూడటానికి తేదీ, లోపల ఉత్త అక్షరాలు. టేబుల్ డిజైన్‌లో ఆ ఫీల్డు డేటా టైప్ చూస్తే తేలిపోతుంది. అంత దూరం వెళ్లకుండానే ఒక గుర్తు ఉంది: టెక్స్ట్ అలైన్ జనరల్‌గా ఉంటే యాక్సెస్ తేదీల్నీ అంకెల్నీ కుడివైపుకి, టెక్స్ట్‌ని ఎడమవైపుకి సర్దుతుంది. తేదీలు ఎడమకి అంటుకుని ఉంటే అనుమానించాల్సిందే.

టెక్స్ట్‌ను టెక్స్ట్‌తో పోల్చితే యాక్సెస్ ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూసుకుంటూ పోతుంది. 05-12-2024 అనేది 28-01-2024 కంటే ముందుదని తేలుస్తుంది, సున్నా రెండు కంటే చిన్నది కాబట్టి. రూల్‌లో రెండు వైపులా ఫార్మాట్ ఫంక్షన్ వాడినా ఇదే గొడవ, ఎందుకంటే ఫార్మాట్ ఇచ్చేది తేదీ కాదు, టెక్స్ట్. తేదీ ఎలా కనిపించాలో చెప్పడానికి ఆ గడి ఫార్మాట్ ప్రాపర్టీ ఉంది, పోలికలోకి ఆ ఫంక్షన్ తేకండి. స్టాకు అంకెలకీ ఇదే వర్తిస్తుంది. ఆ ఫీల్డు టెక్స్ట్ అయితే 90 టిన్నులు 240 కంటే ఎక్కువైపోతాయి.

టెక్స్ట్ తేదీల్ని మార్చడానికి సీడేట్ వాడమని సలహా వస్తుంది. అక్కడ ఒక గుంట ఉంది. కంప్యూటర్ రీజనల్ సెటింగ్స్ అమెరికా పద్ధతిలో ఉంటే 04-05-2024ని ఏప్రిల్ 5గా తీసుకుంటుంది. అదే 13-05-2024 వస్తే, పదమూడో నెల లేదు కాబట్టి, చప్పుడు చేయకుండా మే 13గా సరిచేసుకుంటుంది. ఎర్రరేమీ రాదు. నెలలో 12వ తేదీ దాకా ఉన్న బిల్లులు తప్పు, తర్వాతివి ఒప్పు. దుకాణం కంప్యూటర్‌లో ఒకలా, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఇంకోలా రంగులు పడుతున్నాయంటే ముందు ఈ సెటింగ్ చూడండి. కొత్తగా డేట్/టైమ్ ఫీల్డు ఒకటి తెరిచి, అప్‌డేట్ క్వెరీలో డేట్‌సీరియల్‌తో నింపడం మంచిది. చివరి నాలుగు అంకెలు సంవత్సరం, మధ్యవి నెల, మొదటి రెండు రోజు అని మీరే విడదీసి ఇస్తారు కాబట్టి సెటింగ్ ఏదైనా తేడా రాదు. ముందు ఫైలు కాపీ తీసుకోండి.

“ఈ రోజే గడువు” అని ఇంకో రంగు పెట్టాలనుకుంటే, తేదీ డిఫాల్ట్ విలువ నౌ() కాకుండా డేట్() అని ఉందో లేదో చూడండి. నౌ గంటలు, నిమిషాలు కూడా దాస్తుంది, నేటి తేదీతో సమానం కాదు.

ఫామ్ కరెంట్ ఈవెంట్‌లో, అంటే ఒక బిల్లు నుంచి ఇంకో బిల్లుకి వెళ్లినప్పుడల్లా నడిచే చోట, కోడ్ రాసి బ్యాక్‌కలర్ మార్చమని మీ మిత్రులు చెప్పారన్నారు. ఒక్కో బిల్లు విడిగా కనిపించే సింగిల్ ఫామ్‌కి అది సరే. కంటిన్యువస్ ఫామ్‌లో వందల వరసలు కనిపించినా డిజైన్‌లో గడి ఒక్కటే, రంగు మారిస్తే అన్ని వరసల్లోనూ మారిపోతుంది. మీకు కండిషనల్ ఫార్మాటింగే దారి. అందులో, కోడ్‌లో ఫామ్‌ను సూచించడానికి వాడే Me అనే ఇంగ్లీషు పదం పని చేయదు, కోడ్‌లో డిక్లేర్ చేసిన వేరియబుల్స్ కూడా అందవు. ఫీల్డు పేరు నేరుగా బ్రాకెట్లలో రాయండి.

తెలుగులో డేటా పెట్టేవాళ్లకి రెండు చిక్కులు. యాక్సెస్‌లో కోడ్ రాసే వీబీఏ ఎడిటర్ తెలుగు అక్షరాల్ని పట్టుకోలేదు, కోడ్‌లో “చెల్లించారు” అని పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. అందుకే ఐడీ నంబరుతో పోల్చడం అన్ని విధాలా నయం. రెండోది, డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన పాత రైతుల జాబితాలు. ఆ ఫాంట్ ఉన్నంతవరకే అవి తెలుగు, లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, మీరు ఇప్పుడు కొట్టే పేరుతో ఎప్పటికీ కలవదు. టెస్ట్ బాక్స్‌లో మామూలు ఫాంట్‌తో చూస్తే బండారం బయటపడుతుంది.

వరస మొత్తానికి రంగు కావాలంటే, కండిషనల్ ఫార్మాటింగ్ టెక్స్ట్ బాక్స్‌లకీ కాంబోలకీ తప్ప లేబుళ్లకి, చెక్‌బాక్స్‌లకి రాదు. వరసంత వెడల్పున్న టెక్స్ట్ బాక్స్ ఒకటి అన్నిటి వెనక్కి పంపి, రూల్స్ దానికి పెట్టి, ముందున్న గడుల బ్యాక్ స్టైల్ ట్రాన్స్‌పరెంట్ చేయండి. కర్సర్ ఉన్న గడి మాత్రం తన సొంత రంగులో కనిపిస్తుంది, దానికి కంగారు పడకండి. రూల్స్‌లో డీలుకప్, డీసమ్ (టేబుల్ నుంచి విలువ వెతికి తెచ్చే, కూడి చెప్పే ఫంక్షన్లు) పెట్టకండి, స్క్రోల్ చేసిన ప్రతిసారీ లెక్క మొదలై ఫామ్ మెల్లగా కదులుతుంది. కావాల్సిన విలువని క్వెరీలోనే తెచ్చుకోండి.

ముందు రూల్స్ వరస మార్చి, ఖాళీ తేదీల రూల్ పెట్టి చూడండి. ఇంకా తేడా ఉంటే, రంగు తప్పిన ఒక వరసలో టెస్ట్ బాక్స్ ఏం చూపించిందో, గడువు ఫీల్డు డేటా టైప్ ఏమిటో ఇక్కడే రాయండి, చూస్తాను.